ముందు బోయీ కేక

రండి నాయనా, రండి తల్లీ! ఆ చాప చివరనున్నవాళ్ళు ఇంకాస్త ముందుకు జరగండి. ఒక్కసారి గోవిందా అనుకుని చెవులు ఇటు పెట్టండి.

ఎప్పటి మాటో ఇది, మా తాతల తాతలు ఉయ్యాలలూగిన నాటిది. నువ్వులవలస అనే ఊళ్ళో పల్లకీ మోసే బోయీలుండేవారు. ముందు దండె, అదే పల్లకీ మోతకర్ర, పట్టేవాడు పైడన్న. వెనక దండె పట్టేవాడు అతని బావమరిది గవరయ్య. వెనకవాడికి పల్లకీ అడ్డం, నేల కనిపించదు. అందుకే ముందువాడు "రాయి ఉంది, ఓహోం! ముల్లు ఉంది, ఓహోం!" అని కేక వేస్తూ నడుస్తాడు. ఆ కేకే వెనకవాడికి చూపు.

ఆ ఊరి దారి చూడబోతే ఎంగిలి విస్తళ్ళు, పగిలిన కుండలు, కుళ్ళిన కాయలు! ఇల్లు అద్దంలా ఊడ్చుకోవడం, ఊడ్చింది దారిలో పోయడం. ఒకనాడు పైడన్న పది కేకలు వేసేలోగా పదకొండో పెంకు గవరయ్య అరికాల్లో దిగింది. వైద్యుడు కట్టు కట్టి, "ఇంకొక్క గాయమైతే ఈ కాలు దక్కదు" అన్నాడు.

కాలు లేని బోయీకి కూడెక్కడిది? పైడన్న వెళ్ళి ఊరిపెద్ద అప్పలనాయుడికి దండం పెట్టాడు.

"దారి బాగుచేయించండి బాబూ!"

"నేల చూసి నడవమనరా మీవాణ్ణి!" అని నవ్వాడు నాయుడు.

సరే, తెల్లవారుతూనే పైడన్న తానే దారంతా ఊడ్చాడు. పొద్దెక్కేసరికి, 'ఇక్కడ చోటు బాగుందే' అని జనం అక్కడే పోశారు!

ఇంతలో నాయుడి కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకుని పల్లకీలో తేవాలి. గవరయ్య కుంటుతూ వచ్చి దండె కింద భుజం పెట్టాడు. "నీ కేకే నమ్ముకున్నాను బావా" అన్నాడు.

పొలిమేరలో సన్నాయి మోగింది. ఊరంతా ఎదురుకోలుకు వచ్చింది. పైడన్న గొంతెత్తాడు.

"బోయీ పైడన్న ఇంటి మామిడి టెంకలున్నాయి, ఓహోం!"

జనం గొల్లున నవ్వారు.

"శెట్టి పేరయ్యగారి పగిలిన నూనెకుండ ఉంది, ఓహోం!"

నవ్వు సగమైంది. పేరయ్య తలపాగా సర్దుకున్నాడు.

"అప్పలనాయుడుగారి నిన్నటి ఎంగిలి విస్తళ్ళున్నాయి, ఓహోం!"

సన్నాయి ఆగిపోయింది.

"మాకు విస్తళ్ళు పొలిమేరలోనే వేశారే అన్నయ్యగారూ! కాకపోతే ఎంగిలివి!" అంది పెళ్ళికొడుకు తల్లి.

నాయుడు ఎర్రబడ్డ ముఖంతో ముందుకు దూకాడు. "ఏరా, నా పరువు తీస్తావా?"

"అబద్ధమైతే కొట్టండి బాబూ. నా టెంకలు నావేనని ముందే ఒప్పుకున్నాను. నా వెనకవాడికి కాలొక్కటే ఆధారం."

నాయుడు పల్లకీ వెనక్కి చూశాడు. కట్టు కట్టిన పాదం ఒకటి, కేక కోసం ఎదురుచూస్తూ గాలిలోనే ఆగి ఉంది. దాని కింద జానెడు దూరంలో నూనెకుండ పెంకు.

నాయుడు పట్టుపంచె ఎగగట్టి, వంగి, తన విస్తళ్ళు తానే ఎత్తాడు. పేరయ్య పరుగున వచ్చి పెంకులు ఏరాడు. పైడన్న టెంకలు పైడన్న పెళ్ళాం ఏరింది. ఆపైన ఎవరినీ పిలవనక్కర్లేకపోయింది. ఆకులు ఎరువు గుంటకు, పెంకులు గోతిలోకి.

పైడన్న మళ్ళీ దండె ఎత్తుకున్నాడు.

"మెత్తని మట్టి ఉంది, ఓహోం!"

గవరయ్య పాదం నేల మీద ఆన్చాడు.

బిడ్డలారా, అంతటి నాయుడూ వంగాడు చూశారా, ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి. రేపు మీరు పారేసింది మీ కంటపడితే వంగి తీయండి, ఎల్లుండీ తీయండి. మనం దారిలో వదిలింది వెనక వచ్చేవాడి కాల్లో దిగుతుంది. నాదేనని ఒప్పుకుని తీసినవాడే పుణ్యాత్ముడు.