హాజరు రాళ్లు

కొండవాగు పక్కన జంతువుల ఊరు ఒకటి ఉండేది. ఊరంతా ఇవతలి గట్టున, పచ్చికంతా అవతలి గట్టున. ఎండాకాలం వాగు ఇసుకలో నడిచి వెళ్లి మేసి వచ్చేవారు. వానలు పడితే మాత్రం రెండు నెలలు ఆకులూ అలములూ నమిలి బతకాల్సిందే. వాళ్ల అవస్థ చూడలేక ఒక ఏనుగు వాగుకు అడ్డంగా బండలు పేర్చి దారి కట్టడం మొదలుపెట్టింది. సగం కట్టేసరికి దాని మంద వేరే అడవికి కదిలింది. ఏనుగూ వెళ్లిపోయింది, దారి వాగు నడుమ ఆగిపోయింది.

మిగతా సగం సంగతి తేల్చడానికి ఊరివాళ్లు ఒక సంఘం వేసుకున్నారు. దానికి గవరయ్య అనే నక్క పెద్ద. మాటకారి, పైగా ఎప్పుడూ తీరిగ్గా ఉండేవాడు. పెద్దరికానికి ఇంకేం కావాలి? వారానికో సభ. సభ పెట్టినప్పుడల్లా పెద్దకి పీతలు పట్టి తెచ్చివ్వడం ఆనవాయితీ. దారి పూర్తయితే సంఘం ఉండదు, సంఘం లేకపోతే పీతలుండవు. ఈ సంగతి గవరయ్యకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ సంఘంలోనే ఈరమ్మ అనే గేదె కూడా ఉంది. నెమ్మదస్తురాలు. కిందటేడు వానల్లో మేత లేక ఆమె పొదుగు ఎండిపోయింది, పాలు లేక దూడ పోయింది. ఇప్పుడు మళ్లీ చూడుతో ఉంది, ఈనేది తొలకరికే. పోయిన దూడ గుర్తొస్తే ఈరమ్మకి నోట్లో నెమరు ఆగిపోయేది. ఈ దూడని కూడా పోగొట్టుకుంటానేమోనని ఆమె భయం.

మొదటి సభలో కోతి, చెట్ల ఊడలు ముడేసి వేలాడుతూ దాటుదామంది. తాబేలు, ఆ శ్రమంతా ఎందుకు, అందరూ ఈత నేర్చుకుంటే సరిపోతుందంది. అడవిపంది, ఊరినే అవతలికి మార్చేస్తే దారితో పనే ఉండదంది. తలా ఒక రాయి వేస్తూపోతే తొలకరిలోపు దారి పూర్తవుతుందని ఈరమ్మ అంది. గవరయ్య అందరి మాటా కళ్లు మూసుకుని విన్నాడు.

"నాలుగూ మంచివే," అన్నాడు. "తొందరపడి ఒకటి ఎంచుకుంటే మిగతా మూడింటికీ అన్యాయం చేసినట్టవుతుంది. వచ్చే వారం చూద్దాం."

రెండో వారం, మూడో వారం కూడా ఇదే వరస. మూడో సభ ముగిశాక ఈరమ్మ గవరయ్యని పక్కకి పిలిచింది.

"తమ్ముడూ, నీ సభకి సగం మంది రావడం లేదు. వచ్చినవాళ్లు మధ్యలోనే లేచిపోతున్నారు. నీ పెద్దరికానికి తక్కువ కదా?"

గవరయ్యకి ఆ బాధ ఉండనే ఉంది. ఏం చేద్దామక్కా అని అడిగాడు. సభకి వచ్చేవాళ్లంతా తలా ఒక రాయి తెచ్చుకుని దాని మీదే కూర్చోవాలని, వెళ్లేటప్పుడు అక్కడే ఉంచి వెళ్లాలని ఈరమ్మ చెప్పింది. ఎవరు వచ్చారో ఎవరు ఎగ్గొట్టారో రాళ్లే చెబుతాయి. పాత రాయి ఈ వారానికి చెల్లదు. సభ కూడా ఊళ్లో ఎండలో కాకుండా వాగు నడుమ, దారి ఆగిన చోట సాయంత్రం చల్లగాలికి పెట్టుకోవచ్చు. దారి చివరి బండ మీద పెద్ద, ఆయనకి ఎదురుగా ఇసుకలో సభ్యులు.

గవరయ్యకి ఇది తెగ నచ్చింది. రాయి లేనివాళ్లకి మాట్లాడే హక్కు లేదని ఆ సాయంత్రమే చాటించాడు. మాట్లాడే హక్కు వదులుకునేవాళ్లు ఆ ఊళ్లో ఎవరున్నారు? పంది పెద్ద బండలు దొర్లించుకొచ్చేది. కుందేలు తెచ్చిన గులకరాళ్లు సందుల్లోకి సరిపోయేవి. సభ అయ్యాక కాసేపు నడుం వాలుస్తానని ఈరమ్మ వెనకే ఉండిపోయి, ఎగుడుదిగుళ్లని కొమ్ములతో సర్దేది. మొదటి వరసకీ పెద్దకీ మధ్య, మర్యాదకని, ఒక బండ పట్టేంత ఎడం వదిలింది. వారం వారం వరసలు అవతలి గట్టు వైపు పెరుగుతూ పోయాయి. తన మాట వినేవాళ్లు పెరుగుతున్నారని గవరయ్య మురిసిపోయి, ఇంకా ఉత్సాహంగా వాయిదాలు వేశాడు.

పదో సభనాటికి చివరి వరస అవతలి గట్టుని తాకింది, కొండ మీద మబ్బూ పట్టింది. గవరయ్య గొంతు సవరించుకున్నాడు. ఇంత ముఖ్యమైన విషయం వానలో తేల్చడం మంచిది కాదని, వానలు వెళ్లాక చూద్దామని అన్నాడు.

"అలాగే తమ్ముడూ," అంది ఈరమ్మ. "కాకపోతే రాయి లేనివాళ్లకి మాట్లాడే హక్కు లేదన్నది నువ్వే. ఇన్నాళ్లూ ఏనుగు వేసిన బండ మీద కూర్చున్నావు. నీ రాయి ఏది?"

అందరూ గవరయ్య వైపు చూశారు. వాయిదా చెల్లకపోతే విషయం ఇప్పుడే తేల్చమంటారు. ఆ భయంతో ఆయన గబగబా గట్టెక్కి, పెద్దకి తగ్గ రాయి ఉండాలని అన్నిటికన్నా పెద్ద బండ ఎంచుకున్నాడు. పంది సాయం పట్టింది. ఇద్దరూ దొర్లించుకొచ్చిన బండ ఆ ఎడంలో పడి కదలకుండా కూర్చుంది. గవరయ్య దాని మీదికెక్కి, వానలు వెళ్లాక చూద్దామని మళ్లీ చెప్పాడు. అందరికన్నా ముందు తలూపింది ఈరమ్మే.

మూడో రోజున వాగు వచ్చింది. గవరయ్య గట్టు మీదికి వచ్చి చూసేసరికి ఊరంతా వరసగా రాళ్ల మీద నడిచి వెళుతోంది. ఈరమ్మ అప్పటికే అవతల ఉంది. తెల్లవారుజామునే ఈనింది. కడుపునిండా మేస్తుంటే దూడ పొదుగుని కుమ్మి కుమ్మి తాగుతోంది.

"సభ ఇంకా ఏదీ తేల్చలేదక్కా," అని గవరయ్య ఇవతల నుంచి కేకేశాడు. "ఇలా దాటడం పద్ధతి కాదు."

ఈరమ్మ తలెత్తింది. "నువ్వు తేల్చకపోబట్టే పూర్తయింది తమ్ముడూ. తొమ్మిదో సభలో తేల్చేసి ఉంటే నీ రాయి ఒక్కటీ తక్కువయ్యేది."

ఆ వారం పీతలు ఎవరూ తేలేదు.

పని జరగకుండా చూడాలని సభలు పెట్టేవాడు, వచ్చినవాళ్లు ఏం మోసుకొస్తున్నారో కూడా చూసుకోవాలి.