రథం కింద మొద్దు

పూర్ణబోధస్వామివారిని ప్రశ్న అడగడం తేలికే. జవాబు కోసం ఎండలో నడవాలి, అదే కష్టం. ఆ రోజు కొండపాలెంలో రథోత్సవం. శిష్యుడు విశ్వంభరం పేపరు చేతబట్టుకుని వచ్చాడు.

"గురువుగారూ, ఏదో దేశంలో అధ్యక్షుడు రోజుకో ఉత్తర్వు ఇస్తుంటే కోర్టు ఆపేస్తోందట. కోట్లమంది ఎన్నుకున్నవాణ్ణి ఒక్క జడ్జీ ఆపడమేమిటండీ?"

స్వామివారు పచ్చజెండా, ఎర్రజెండా అతని చేతిలో పెట్టారు. "ఇవాళ రథం నీ మాట మీదే నడుస్తుంది. ఎక్కు."

ఎక్కాడండీ! పచ్చజెండా ఊపితే చాలు, వెయ్యిమంది గోవిందా అంటూ తాళ్ళు లాగుతున్నారు. మనకైనా తల తిరగదూ? కానీ పది బారలు వెళ్ళేసరికి రథం టక్కున ఆగింది. కింద సింగయ్య చక్రానికి అడ్డంగా కర్రమొద్దు పెట్టాడు. తాతల నాటి నుంచీ ఆ మొద్దు పెట్టడం వాళ్ళింటి కైంకర్యం.

"ఎందుకు పెట్టావయ్యా?"

"చక్రం పక్కకి లాగుతోందండి."

మళ్ళీ పది బారలు, మళ్ళీ మొద్దు. మూడోసారికి విశ్వంభరం లేచి నిలబడి ఉత్తర్వు జారీ చేశాడు: "ఈ క్షణం నుంచి మొద్దు రద్దు! సింగయ్యని తీసేశాను!"

జనం చప్పట్లు కొట్టారు. అక్కడుంటే మనమూ కొట్టేవాళ్ళమే. రథం జోరందుకుని మలుపు తిరిగింది. పల్లం మొదలైంది. ఇక లాగే పనేముంది, అందరూ తాళ్ళు వదిలి పక్కకి దూకారు. పల్లం చివర అచ్చాయమ్మ పూరిపాక, పాక ముందు జిలేబీ మూకుడు, మూకుడు వెనక అచ్చాయమ్మ.

విశ్వంభరం ఎర్రజెండా ఊపాడు. "ఆగు!" అన్నాడు రథంతో. "ఆగమని ఆజ్ఞ!" అన్నాడు. చివరికి "నారాయణా!" అన్నాడు. నారాయణుడు వెనకే పూలదండల్లో కూర్చుని ఉన్నాడు, ఏమీ అనలేదు.

"ఓరి నీ జెండా మండ! నా పాకరా!" అని అచ్చాయమ్మ గరిటె ఎత్తింది.

ధడేలుమంది. మూకుడుకి జానెడు దూరంలో రథం ఆగింది. చక్రం కింద మొద్దు. మొద్దు పక్కన రొప్పుతూ సింగయ్య.

విశ్వంభరం దిగాడు. "నిన్ను తీసేశాను కదయ్యా?"

"తీసేశారండి. మొద్దు మీరిచ్చింది కాదు కదండీ, అందుకని దగ్గరే ఉంచుకున్నాను."

స్వామివారు నింపాదిగా నడిచొచ్చారు. మూకుడులోంచి తీసిన వేడి జిలేబీ ఒకటి శిష్యుడి చేతిలో పెట్టించి, "నాయనా, ఆ పేపరు ఇంకోసారి చూడు. ఆ దేశంలో దారి ఎటు వాలుందో ఏమైనా రాశారా?" అన్నారు.