మళ్లీ మళ్లీ పేరు అడిగే తాబేలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒకటే ఆసుపత్రి. అందులో సుగుణ అనే ఉడుత నర్సు. దాని పనిలో వంక పెట్టడానికి లేదు. నలుగురితో పాటు నవ్వకపోతే ఆ నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఒక్కటే దానికున్న జబ్బు. ఆ జబ్బుకి ఆసుపత్రిలో మందు లేదు.

ఒకనాడు కాంతమ్మ అనే తాబేలు కొత్తగా పనిలో చేరింది. మందు ఇచ్చే ముందు ప్రతి రోగినీ "నీ పేరేమిటి నాయనా?" అని అడిగేది. చీటీ చూసుకుని మళ్లీ అడిగేది. వారం రోజులుగా అక్కడే ఉన్న ఏనుగునైనా సరే, అడిగేది.

నర్సులకి ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఎవరి డ్యూటీ ఎప్పుడో అందులోనే తెలిసేది. కాబట్టి అందులోంచి ఎవరూ బయటికి పోలేరు. పెద్ద నర్సు ఎలుగుబంటి మాత్రం అందులో లేదు.

సోమవారం విమల అనే కోతి, కాంతమ్మ ఏనుగును పేరు అడుగుతుంటే వీడియో తీసి గ్రూపులో పెట్టింది. "మన పేరమ్మ మందు ఇచ్చేలోగా రోగమే విసిగి వెళ్లిపోతుంది" అని రాసింది. సుగుణకి నవ్వు రాలేదు. అయినా నవ్వే బొమ్మ పెట్టింది. అదే మొదటిది. దాని వెనక పదకొండు వచ్చాయి.

మంగళవారం విమల తాబేలు డిప్ప మీద "నీ పేరేమిటి?" అని రాసిన ఫోటో పెట్టింది. సుగుణ మళ్లీ నవ్వే బొమ్మ పెట్టింది.

బుధవారం విమల "పేరమ్మకి సొంత పేరైనా గుర్తుందా?" అని పెట్టింది. "నాకు బాధగా ఉందమ్మా" అని కాంతమ్మ కింద రాసింది. దానికీ నవ్వే బొమ్మలే వచ్చాయి. ఒకటి సుగుణది.

గురువారం నుంచి కాంతమ్మ పేర్లు అడగడం మానేసింది.

శుక్రవారం సుగుణకి జ్వరం వచ్చి అదే ఆసుపత్రిలో పడుకుంది. పక్క మంచం మీద బూరయ్య అనే ముసలి ఉడుత. నాలుగు రోజులుగా ఆయనకి కడుపు కదలలేదు. కాంతమ్మ మందు తెచ్చింది. ముసుగు కప్పుకున్న ఉడుతలు రెండూ ఒకేలా కనిపించాయి. పేరు అడగబోయింది. ఎదురుగా విమల చేతిలో ఫోను చూసి ఊరుకుంది. సుగుణ జ్వరంలో కళ్లు తెరవకుండానే నోరు తెరిచింది. అది బూరయ్యకి ఇవ్వాల్సిన విరేచనాల మందు.

ఆ పూట సుగుణ పద్నాలుగు సార్లు లేచింది. పదిహేనోసారి లేవలేకపోయింది. నాడి అందలేదు. సెలైను ఎక్కించి రెండు రోజులు కష్టపడి బతికించారు. బూరయ్య కడుపు మాత్రం కదలలేదు.

ఎలుగుబంటి వచ్చింది.

"పేరు అడగలేదా, కాంతమ్మా?"

"లేదమ్మా. తప్పు నాదే."

"ఎందుకు అడగలేదు?"

కాంతమ్మ తల డిప్పలోకి లాక్కుంది.

"చెప్పకపోతే ఉద్యోగం పోతుంది" అంది ఎలుగుబంటి.

విమల తన ఫోను జేబులో వేసుకుంది. సుగుణ తన ఫోను తీసి ఎలుగుబంటి చేతిలో పెట్టింది. "మొదటి నవ్వు నాదేనమ్మా" అంది.

"సరదాకి చేశాం కదే!" అంది విమల.

"నేనూ అలాగే అనుకున్నానక్కా, పద్నాలుగోసారి లేచేదాకా."

ఎలుగుబంటి గ్రూపు మొత్తం చదివింది. ఒక్కసారీ నవ్వలేదు. విమలను వార్డులోంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టింది. వచ్చిన ప్రతి రోగినీ రెండుసార్లు పేరు అడగడం దాని పని.

ఆ సాయంత్రం కాంతమ్మ మందు గిన్నెతో వచ్చింది.

"నీ పేరేమిటి తల్లీ?"

"సుగుణ."

కాంతమ్మ చీటీ చూసింది. "మళ్లీ చెప్పు."

సుగుణ ఈసారి ఇంటిపేరుతో సహా చెప్పింది.

నీతి: ఒకరిని ఏడిపిస్తుంటే పక్కన నిలబడి నవ్వినవాడూ ఏడిపించినవాడే.