ఇరవై నిమిషాల ఉత్తరం

దర్గా ఆఫీసు కంప్యూటరుకి కమిటీ కార్యదర్శి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. వరండాలో పడుకునే రోగుల్ని శుక్రవారంలోగా పంపించెయ్యాలట. అక్కడ పెద్దమనుషుల కోసం ఏసీ గది కడతారట. సరేనంటూ సాయంత్రం ఐదింటిలోపు జవాబివ్వాలట.

చదువుతున్న ఓబులేసు ముఖం కందిపోయింది. దర్గా చూసుకునే కరీముల్లా బాబా శిష్యుల్లో కంప్యూటరు తెలిసినవాడు అతనొక్కడే. ఆరేళ్ల కిందట మతి చెదిరి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అతను వచ్చింది ఆ వరండాకే. మనిషైంది కూడా అక్కడే.

వెంటనే జవాబు రాశాడు. రెండు పేజీలు. సగం తిట్లు, సగం బతిమాలడం. పైన ‘ముఖ్యం’ అని ఎర్రగుర్తు తగిలించాడు. కార్యదర్శి తెరవగానే తనకి కబురొచ్చే ఏర్పాటు చేశాడు. కమిటీలో మిగతా పదకొండుమందికీ బీసీసీ పెట్టాడు. బీసీసీ అంటే మరేం లేదు, చాటు నకలు. ఉత్తరం ఒక్కరికే రాసినట్టు కనబడుతుంది, వెనకనుంచి ఇంకొందరికీ వెళ్తుంది. ఆ సంగతి అందుకున్నవాడికి తెలీదు.

కర్ర చప్పుడు వినబడింది. బాబా వచ్చి వెనక నిలబడ్డాడు.

“మీరు ఆపమన్నా ఆపను బాబా,” అన్నాడు ఓబులేసు, తల తిప్పకుండానే.

“ఆపమని నేనెక్కడన్నాను? చదువు.”

చదివి వినిపించాడు. బాబా అంతా విన్నాడు.

“ఆ పదకొండు పేర్లూ చాటున ఎందుకు పెట్టావు?”

“తెలిస్తే కార్యదర్శికి కోపమొస్తుంది.”

“ఓహో,” అన్నాడు బాబా. కంప్యూటరు వైపు కర్ర చూపించి అడిగాడు. “పంపమని నొక్కాక, కొంచెం ఆగి వెళ్లే వీలుందా ఇందులో?”

ఓబులేసు నిటారుగా కూర్చున్నాడు. “ఎందుకు లేదు? చాలామందికి తెలీదు గానీ, రూల్స్‌లోకి వెళ్లి ఒక్కసారి చెప్పి పెడితే చాలు. ఏ ఉత్తరమైనా మనం చెప్పినంతసేపు ఔట్‌బాక్స్‌లో కూర్చుని, అప్పుడు కదుల్తుంది. రెండు గంటలదాకా ఆపొచ్చు.”

“ఇరవై నిమిషాలు పెట్టు.”

గొణుక్కుంటూ పెట్టాడు. గట్టిగా నొక్కాడు. గోడగడియారం నాలుగుంపావు చూపిస్తోంది. బాబా అతని చేతికి టీ కెటిల్ అందించాడు.

“నాలుగింటికే ఇవ్వాల్సిన టీ. పో, పోసి రా.”

వరండాలో ముప్పై మందిదాకా ఉన్నారు. స్తంభానికి ఆనుకున్న ఒక ముసలమ్మ గ్లాసు చాచింది.

“ఏమబ్బీ, శుక్రవారానికి మమ్మల్ని పొమ్మంటారంట గదా?”

“పొమ్మనరు అవ్వా.”

“ఎవరు చెప్పినారు?”

ఓబులేసు చేతిలో కెటిల్ ఆగింది.

“నేను చెప్తున్నా.”

ముసలమ్మ అతని ముఖంలోకి చూసింది. “అట్లయితే సరే. రేపట్నించి చక్కెర ఇంకొంచెం వెయ్యి. ఇది టీనా, కషాయమా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు.

అతను తిరిగొచ్చేసరికి ఉత్తరం కదలడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఔట్‌బాక్స్‌లోంచి ఉత్తరాన్ని బయటికి లాగాడు. తిట్లు కొట్టేశాడు. బతిమాలిన ముక్కలు కొట్టేశాడు. ఎర్రగుర్తు తీసేశాడు. చాటునున్న పదకొండు పేర్లనీ పైకి తెచ్చి, అందరికీ కనబడే వరసలో పెట్టాడు. అడుగున దానంతటదే వచ్చే ‘ఇట్లు, దర్గా ఆఫీసు’ చెరిపేసి తన పేరు రాశాడు.

ఇక మిగిలింది ఒకటే వాక్యం.

‘వరండా ఖాళీ చెయ్యం.’

నొక్కబోతుంటే కర్ర వచ్చి బల్లమీద ఆనింది.

“ఆగు.”

ఓబులేసు గిర్రున తిరిగాడు. “ఒక్క అక్షరం కూడా మార్చను బాబా!”

“ఉత్తరం జోలికి పోకు,” అన్నాడు బాబా. “ముందు ఆ ఇరవై నిమిషాలూ తీసెయ్.”