హేమనళిని దిండు

దూదేకుల మౌలాలి బాధల్లా ఒకటే. ఊళ్ళో అతన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. "ఏయ్ దూదీ" అంటారు. కామేశం కాఫీ హోటల్లో బెంచీ ఖాళీగా ఉన్నా, "ముందు ఒంటిమీది దుమ్ము దులుపుకో" అంటారు. దులుపుకున్నా నమ్మరు.

"దూదేకే విల్లు పట్టి ఏడేళ్ళయింది సామీ. ఈ ఊళ్ళో సగం తలకాయలు నేనేకిన దూది మీదే ఉన్నాయి. ఒక్కడికీ నా పేరు తెలీదు" అని ఒకనాడు గురువు దగ్గర వాపోయాడు.

గురువు ఖాసిమయ్య ఫకీరు. పగలంతా పరుపులూ దిండ్లూ ఏకుతాడు. సాయంత్రం నలుగురు చేరితే రెండు మంచిమాటలు చెబుతాడు. శిష్యుడి గోడు విని, "నిద్రపోయేవాడికి నీ పేరుతో ఏం పని నాయనా?" అని నవ్వాడు.

మౌలాలికి అదొక జవాబులా అనిపించలేదు.

ఖాసిమయ్య దగ్గర విల్లు పట్టాలంటే ముందు ఒట్టు వెయ్యాలి. దిండు విప్పేటప్పుడు తలుపు మూయాలి. విప్పాక లోపల కనిపించింది గడప దాటకూడదు. ఎవరు ఏ పక్కకి తిరిగి పడుకుంటారో, ఎవరు ఎన్నాళ్ళు జ్వరంతో మూలిగారో, ఎవరు ఏం దాచుకున్నారో దూది ఏకేవాడికి తెలిసిపోతుంది మరి. మౌలాలి ఏడేళ్ళ కిందటే ఆ ఒట్టు వేశాడు. నిలబెట్టుకున్నాడు కూడా. అతన్ని అడిగినవాళ్ళు లేరు కదా!

ఆ వేసవిలో సినిమా తార హేమనళిని ఊరిచివర మేడలో దిగింది. ఇక రోజూ గేటు ముందు జాతరే. ఒకరోజు ఆమె దగ్గర పనిచేసే తులశమ్మ, పట్టు గలీబు తొడిగిన దిండొకటి చంకలో పెట్టుకుని వచ్చింది.

"అమ్మగారికి ఇది లేందే కునుకు పట్టదు. పోయిన వాళ్ళమ్మగారు తన చేత్తో కుట్టిన దిండు. మూడు రోజుల్లో ఇచ్చెయ్యాలి బాబూ" అంది.

మౌలాలి తలుపు మూసి కుట్లు విప్పాడు. పట్టు గలీబు లోపల ముతక గుడ్డ. అందులో మామూలు పత్తి. ఒక పక్కన మాత్రం దూది గట్టిగా ఉండలు కట్టి, పసుప్పచ్చగా చారలు తేలి ఉంది. చెమట మరక వేరు, కన్నీటి మరక వేరు. ఏడేళ్ళు ఏకినవాడికి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం కామేశం హోటల్లో తార గురించే కబుర్లు. "అదృష్టమంటే ఆవిడది" అన్నారెవరో. మౌలాలి నోరు ఆగలేదు.

"ఏం అదృష్టం? రోజూ ఏడుస్తుంది. ఆవిడ దిండు విప్పింది నేనే."

హోటలంతా ఇటు తిరిగింది. కామేశం తన భుజం మీది తువ్వాలుతో బెంచీ తుడిచి, "కూర్చో మౌలాలీ" అన్నాడు. పేరు తెలుసన్నమాట! అడక్కుండానే కాఫీ వచ్చింది. మర్నాటికి అతను "మౌలాలిగారూ" అయ్యాడు. అడిగినవాళ్ళకల్లా మొదటినుంచీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ మరక కాస్త పెద్దదైంది.

మాట ఊరంతా పాకింది. మొగుడు వదిలేశాడన్నారు. వేషాలు రావడం లేదన్నారు. పాపం అన్నవాళ్ళు కూడా తర్వాతేమైందని ఆత్రంగానే అడిగారు. ఎక్కువమంది మాత్రం, "మేడా కారూ ఉన్నదానికి ఏడుపెందుకు? తిన్నది అరక్క" అన్నారు. మూడో రోజున నలుగురు కుర్రాళ్ళు దిండ్లు కావలించుకుని మేడ గేటు ముందు చేరి, బావురుమంటూ ఏడుపు నటించారు. చూసినవాళ్ళు పగలబడి నవ్వారు. మౌలాలి కూడా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలా ఏళ్ళు అతన్ని వదల్లేదు.

తార దిండు మాత్రం విప్పింది విప్పినట్టే ఉంది. హోటల్లో తీరిక దొరికితే కదా ఏకడానికి!

మర్నాడు ఖాసిమయ్య అతన్ని పిలిచి, "ఏం చెప్పావు?" అని అడిగాడు.

"ఉన్నదే చెప్పాను సామీ. అబద్ధమాడలేదు. అయినా అంత వైభోగంలో ఉన్నావిడ ఏడుపూ మన ఏడుపూ ఒకటా? నాలుగు మాటలు పడితే ఆవిడేం అరిగిపోతుంది?"

ఖాసిమయ్య కోప్పడలేదు. "నీ దిండు పట్రా" అన్నాడు.

మౌలాలి మొహం పాలిపోయింది. "అది బాగానే ఉంది సామీ."

"పట్రా."

తెచ్చాడు. గురువు ఈసారి తలుపు మూయలేదు. కుట్లు విప్పి, దూది బయటికి తీసి, హేమనళిని దూది పక్కన పెట్టాడు. రెండూ ఒకేచోట ఉండలు కట్టి ఉన్నాయి. రెండింటికీ అవే చారలు. మౌలాలి భార్య బీబమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. నెల తిరక్కుండానే అతను నవ్వుతూ పనిలోకి వస్తే, గుండె గట్టివాడని ఇరుగుపొరుగు అనుకున్నారు. అతనూ అలాగే అనుకోనిచ్చాడు.

సరిగ్గా అప్పుడే కామేశం మరో ఇద్దర్ని వెంటేసుకుని వచ్చి గుమ్మంలోంచి మెడ సాచాడు.

"అదేనా తార దిండు? ఆ రెండోది ఎవరిది గురువుగారూ? వీళ్ళెవరో ఆవిడకన్నా ఎక్కువే ఏడ్చినట్టున్నారే!"

ఖాసిమయ్య శిష్యుడి వైపు తిరిగాడు.

"చెప్పమంటావా?"

మౌలాలి రెండు చేతులూ జోడించాడు.

"దూది నాయనా. రెండూ దూదే" అని కామేశంతో చెప్పి, గురువు తలుపు మూశాడు.

ఆ పూట మౌలాలి అన్నం ముట్టలేదు. హేమనళిని దూదిలో ఒక్కొక్క ఉండనీ వేళ్ళతో విడదీశాడు. తన జన్మలో ఎన్నడూ ఏకనంత మెత్తగా ఏకాడు. అదే ముతక గుడ్డలో నింపి, వాళ్ళమ్మ వేసిన కుట్టు వెంబడే మళ్ళీ కుట్టి, పొద్దు వాలకముందే మేడకి పరుగెత్తాడు. ఆవిడ కాళ్ళ మీద పడి ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాడు.

గేటు దగ్గర జనం లేరు. తులశమ్మ ఒక్కత్తీ గదులకి తాళాలు వేస్తోంది.

"అమ్మగారు పొద్దుటి రైలుకే వెళ్ళిపోయారు" అంది.

"ఇది పంపించు తల్లీ. ఇది లేందే నిద్ర పట్టదన్నావుగా."

తులశమ్మ దిండు వైపు చూసింది కానీ చెయ్యి చాపలేదు.

"నేనూ అదే అడిగాను బాబూ. 'ఊరంతా తల పెట్టిన దిండు మీద నేనెలా పడుకోను తులశమ్మా' అన్నారు."

తిరిగి రావాలంటే హోటలు మీదుగానే రావాలి. "రండి మౌలాలిగారూ, ఏమందేమిటి?" అంటూ కామేశం బెంచీ తుడిచాడు. తన పేరు అంత మర్యాదగా చెవిన పడేసరికి మౌలాలి తల వంచుకుని నడిచాడు.

ఖాసిమయ్య గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. శిష్యుడి చేతుల్లో దిండు చూసి పక్కకి జరిగాడు.

"ఇప్పుడు దీన్నేం చెయ్యను సామీ? ఎక్కడ పెట్టను?"

గురువు దిండు అంచున కుట్టు తడిమి చూశాడు.

"అది ఆవిడ నిద్ర నాయనా. కింద పెట్టకు."