అటక మీద గిన్నెలు

"మాస్టారూ, ఇంట్లో ఏది అనవసరమో ఎలా తెలుస్తుంది?" అని గౌరినాయుడు అడిగాడు. జవాబు తనకు ముందే తెలుసన్న ధీమా ఆ గొంతులో ఉంది.

పైడయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న వేసినవాడి చేతికి ముందు ఏదో ఒక పని ఇస్తారు. బొబ్బిలిలో ఆయన ఇంటి వసారాలో ఆదివారాలు చేరే శిష్యులు ఆత్మను గురించి అడిగి చింతపండు గింజలు తీశారు, న్యాయాన్ని గురించి అడిగి బియ్యంలో రాళ్ళు ఏరారు. కొందరికి పని పూర్తయ్యేలోగా ప్రశ్న తీరిపోయేది. కొందరికి తమకు రాళ్ళు ఏరడం కూడా రాదని తేలేది.

గౌరినాయుడు ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. కాలేజీవాళ్ళు కొన్ని నెలలుగా జీతాలివ్వడం లేదు. అతను దాని మీద పోరాడుతున్నాడు, రాస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. కిందటి ఆదివారం అదే వసారాలో నిలబడి, "అవసరానికి మించి మన దగ్గరున్నదంతా మరొకరిదే!" అని గర్జించాడు. మాట ఏదో పుస్తకంలోది, గర్జన మాత్రం సొంతం. "నా ఇల్లే చూడండి. జీతం ఆగినా మా వంటింట్లో ఏ లోటూ లేదు. కావలసింది డబ్బు కాదు, క్రమశిక్షణ" అని కూడా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన ఆ చేతుల్లో, ఇంట్లో గిన్నె తోమే చెయ్యి ఒక్కటీ లేదు.

ఇవాళ అతను ఒట్టి మాటలతో రాలేదు. భార్య హైమావతి సాలూరులో ఉన్న అక్కగారింటికి వెళ్ళింది. ఆ వీలు చూసుకుని అటక ఖాళీ చేశాడు. అక్కడ బోర్లించి ఉన్న స్టీలు గిన్నెలు, టిఫిను డబ్బాలు గోనెసంచిలో వేసి తెచ్చి మాస్టారి ముందు దించాడు. వేసవిలో బీద పిల్లలకు ఆ ఆదివారం శిష్యులంతా కలిసి నడిపే శిబిరానికి వంటసామాను కావలసి ఉంది. "వీటిని మా ఇంట్లో ఎవరూ వాడగా నేను చూడలేదు. శిబిరానికి ఇచ్చేస్తున్నాను" అన్నాడు. శిష్యులు మళ్ళీ చప్పట్లకు సిద్ధమయ్యారు.

మాస్టారు సంచిలోంచి ఒక గిన్నె తీసి అతని చేతిలో పెట్టారు. "దాని మీద పేరు చదువు."

గిన్నెల మీద పేర్లు చెక్కించుకోవడం మన ఇళ్ళలో మామూలే కదా. అతను వెలుతురు వైపు తిప్పి చదివాడు. "బి. దేముడమ్మ."

"ఎవరు?"

"మా ఎదురింటి పిన్ని."

"ఇంకొకటి."

ఇంకొకటి మూలింటి పార్వతీశం గారిది. మరొకటి కుళాయి పక్క వాటా వాళ్ళది. అతని గొంతులో ధీమా తగ్గుతూ వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ వీధిలోవాళ్ళ పేరేదో పైకి వస్తోంది. తన ఇంటి పేరు మాత్రం రావడం లేదు.

"కిందటి వారం నువ్వన్నది నిజమేనయ్యా. అన్నీ మరొకరివే" అన్నారు మాస్టారు.

వసారాలో నవ్వులు లేచాయి. ఆ తర్వాత తీసిన గిన్నె మీద "పి. నూకాలమ్మ" అని ఉండటంతో అవి ఆగిపోయాయి. ఆవిడ మాస్టారి భార్య. తన పేరు వినబడి ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. గిన్నె అందుకుని, పేరు చూడకుండా ముందు లోపలికి చూసింది. వెంటనే తిరిగి అతని చేతిలోనే పెట్టేసింది.

"ఇది మా గిన్నెలా లేదే!"

"మీ పేరుంది కదా అమ్మగారూ."

"ఈ ఊళ్ళో నూకాలమ్మలకేం కరువు నాయనా. పిలిస్తే వీధికి నలుగురు పలుకుతారు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు సంచి మూతి కట్టి ఇచ్చారు. "ఎవరివి వాళ్ళకు ఇచ్చెయ్యి. మీ ఆవిడ వచ్చాక, ఆవిణ్ణి అడిగి ఇయ్యి."

మొదటి మాటే అతని చెవికెక్కింది. లోకాన్ని మార్చాలనుకునేవాళ్ళకు అడగడమంటే ఆలస్యం. సంచి భుజాన వేసుకుని తిన్నగా ఎదురింటికే వెళ్ళాడు.

దేముడమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. గిన్నె అందుకుని ఆవిడా లోపలికే చూసింది.

"ఏటి నాయుడూ, హైమ ఊర్లో నేదా?"

"లేదు పిన్నీ. ఎలా తెలిసింది?"

"ఉంటే ఒట్టి గిన్నె పంపదు."

"మీ గిన్నె మీకిస్తున్నాను. మధ్యలో ఈ మర్యాదలన్నీ ఎందుకు పిన్నీ? పాతకాలపు చాదస్తం కాకపోతే!"

దేముడమ్మ చూపు సంచి మీద పడింది. "అందరియీ తెచ్చీసావేటి?" అంది. తల ఊపాడు. ఆవిడ లేచి, గిన్నెను తన చేత్తోనే సంచిలో పెట్టి మూతి బిగించింది.

"నువ్వు ఇయ్యనేదు, నాను తీసుకోనేదు. పెద్ద చదువులు చదివినోడివి, నీకు సెప్పీదాన్ని కాను. ఇంకో గుమ్మం ఎక్కకు బాబూ. ఆ పిల్ల మర్యాద ఉంచు. ఇంటికెల్లిపో."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి జవాబు దొరికేది.

ఇంట్లోకి వెళ్ళేసరికి హైమావతి సాలూరు నుంచి వచ్చేసి ఉంది. కొంగు బిగించి, ఖాళీ అటక వైపు చూస్తూ నిలబడింది. సంచి చూడగానే గబుక్కున ఎదురొచ్చింది.

"ఎవరెవరికిచ్చారు?"

"దేముడమ్మ పిన్నికి ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు. మాస్టారి భార్య కూడా..."

"ఇంకెవరికీ లేదుగా?"

"లేదు."

హైమావతి నేల మీద కూలబడింది. కాసేపు ముఖం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. చేతులు తీశాక చూస్తే సగం నవ్వే.

"ఒట్టి గిన్నెలు ఇంటింటికీ పంచి, మా ఇంట్లో గింజ లేదహో అని మీరే దండోరా వేసి వచ్చేవారన్నమాట. రేపట్నుంచి కుళాయి దగ్గర నేను ఏ ముఖం పెట్టుకుని నిలబడేదాన్ని?"

"గింజ లేకపోవడమేమిటి? రోజూ తింటూనే ఉన్నాం కదా!"

"మొన్న నా చేతి వంటకు సాటి లేదని మెచ్చుకున్నారే, ఆ కందకూర దేముడమ్మ పిన్నిది. మెప్పు మాత్రం నేను పుచ్చుకున్నాను. అదీ ఒక బాకీయే. పార్వతీశం గారింట్లో పప్పుచారు ఎప్పుడూ ఎక్కువైపోతుంది. కుళాయి పక్క వాటాలో అల్లుడు వస్తానని ఎప్పుడూ రాడు. ఎందుకు ఎక్కువవుతుందో వాళ్ళు చెప్పరు, నేను అడగను. గిన్నెలో ఏదో ఒకటి పెట్టి పంపే రోజు వచ్చేదాకా అటక మీద దాచుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడు అడిగారు? కూర బాగుంటే బాగుందన్నారు, అంతే."

అతను గబగబా వంటింట్లోకి నడిచాడు. ఎవరి గిన్నెలోనైనా పోసి ఇవ్వడానికి ఏదో ఒకటి దొరక్కపోదనుకున్నాడు. గూట్లో డబ్బాలు వరసగా, మెరుస్తూ ఉన్నాయి. ఆ పొందికనే అతను సభలో క్రమశిక్షణ అన్నాడు. ఒక్కో డబ్బా దించి, మూత తీసి చూసి, మళ్ళీ పెడుతూ పోయాడు. అన్నీ తేలిగ్గా లేచాయి.

"ఏం పోస్తారు? మీ ఉపన్యాసమా?" అంది హైమావతి వెనకనుంచి. ఆ మాట అన్నాక తనే నొచ్చుకుని, సాలూరు నుంచి తెచ్చిన బుట్ట ముందుకు జరిపింది. అందులో ఇంకా ముగ్గని చిన్న పనసకాయ ఉంది. "ముగ్గాక తొనలు ఒక గిన్నెకు సరిపోతాయి. ఈసారి వంతు మాస్టారిదే. ఎవరిది ఎవరి తర్వాతో ఆ వరసలోనే పెట్టుకున్నాను. మీరొచ్చి అంతా కలిపేశారు."

ప్రపంచంలో ఎవరి శ్రమను ఎవరు మింగుతున్నారో అతను గంటల తరబడి చెప్పగలడు. తన కంచంలో కూర ఎవరు వండారో అతనికి తెలియదు. మన చదువులు ఇలా ఏడుస్తున్నాయి. పుస్తకాల్లోని మనుషులందరికీ విముక్తి ఉంది, ఎదురింటి మనిషికి పేరైనా ఉండదు. ఆ పేరు గిన్నె మీద చెక్కి ఉన్నా మనం చదవం.

తర్వాతి ఆదివారం గౌరినాయుడు ఆలస్యంగా వచ్చి, గడప దగ్గరే ఆగాడు. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. నూకాలమ్మ గారు వచ్చి అందుకుంది. మూత ఎత్తి చూసింది. పనస వాసన వసారా అంతా పరుచుకుంది.

"ఆఁ! ఇప్పుడు మా గిన్నెలాగే ఉంది" అని నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

అతను తలెత్తలేదు. కిందటి వారం నవ్వినవాళ్ళూ తలెత్తలేదు. వాళ్ళలో ఒక్కరికీ తమ ఇంటి అటక మీద ఎవరి గిన్నెలున్నాయో తెలియదు. చివరికి ఒకడు గొంతు సవరించుకుని, "మాస్టారూ, ఏది అనవసరమో ఎలా తెలుస్తుందని నాయుడు అడిగాడు. మీరింకా చెప్పలేదు" అన్నాడు.

మాస్టారు నాయుడి వైపు తిరిగారు. "మిగతా గిన్నెలేం చేశావు?"

"అటక మీద పెట్టేశాను మాస్టారూ. ఏది ఎక్కడుండేదో హైమను అడిగి పెట్టాను."

"మంచిది. దుమ్ము పడుతుంది, నువ్వే తుడుస్తూ ఉండు" అన్నారు మాస్టారు.