నూకరాజు హాజరు

జమీందార్ల కాలంలో ఒక ఏటికి ఇవతల జడ్జీ గారి ఇల్లు, అవతల కచేరీ ఉండేవి. ఇప్పుడక్కడ వంతెన ఉంది, దాని కథ వేరు. అప్పట్లో మాత్రం ఉన్నది ఒక్కటే పడవ, దాన్ని నడిపేవాడు నూకరాజు.

రేవు హక్కు తగాదాలో వాయిదాకి రాలేదని నూకరాజు మీద వారంటు పుట్టింది. తనను జైల్లో పెడితే రేవు ఇంకొకడి పాలవుతుందని, బంట్రోతులు పట్టుకోకముందే తనంతట తానే కచేరీకి వెళ్లి నిలబడ్డాడు.

"వాయిదా నాడు ఇదే కుర్చీలో కూర్చుని మూడుసార్లు పిలిపించాను. ఎక్కడ చచ్చావురా?" అన్నారు జడ్జీ గారు.

"ఆ రోజు వరదండి బాబూ, పడవ విప్పలేదు. మరి తమరు ఏరెలా దాటారండీ?"

జడ్జీ గారు తడబడ్డారు. ఆ రోజు మూడుసార్లు పిలిచానని చెప్పిన కచేరీ బంట్రోతు పక్కనే తల వంచుకున్నాడు.

"నీ పడవలోనే దాటానురా!" అనేశారు జడ్జీ గారు.

"అయితే తమరిని తెచ్చింది నేనే కదండీ, నేనూ వచ్చినట్టే. నేను రాలేదంటే తమరూ రానట్టే. ఏది రాయిస్తారో తమరి చిత్తం."

జడ్జీ గారు వారంటు తీసి చింపేశారు.

"సాయంత్రం పడవ సిద్ధంగా ఉంచు."

"చిత్తం బాబూ. ఈసారి తమరు పడవ ఎక్కడం నలుగురికీ చూపిస్తానండీ, సాక్ష్యం ఉంటుంది."